గాలి ఉంది

గాలి ఉందన్నాడు. సరే, ఉంది. పూల దుకాణం ముందు గాజు లేని చోట కట్టిన ప్లాస్టిక్ పట్టా తడి దుప్పటిలా వేలాడుతోంది, దాని అంచు కూడా కదలడం లేదు, ఎదురు మేడ మీద ఎవరో ఆరేసిన చొక్కా రెండు చేతులూ కిందికి వదిలేసి నిలబడి ఉంది, ఇందాక నేను కిటికీలోంచి దులిపిన బిస్కట్ పొడి పడిన చోటే పడి ఉంది, చీమలు తీరిగ్గా మోసుకుపోతున్నాయి. అయినా గాలి ఉంది, ఎందుకంటే స్టీరింగు పట్టుకుని కూర్చున్న నా స్నేహితుడు ఉందన్నాడు, అన్నాక మళ్ళీ నోరు విప్పలేదు, వ్యాను ఆగి ఇంతసేపైనా స్టీరింగు వదల్లేదు, బండి ఇంకా నడుస్తున్నట్టే ముందుకి చూస్తున్నాడు. ముందు ఏముంది? ఒక గోడ. గోడ మీద ఒక పిల్లి. పిల్లి కూడా ఎంతసేపని చూస్తుంది, విసుగొచ్చి పడుకుంది. నాకూ విసుగ్గానే ఉంది కానీ నేను పడుకోలేను, వ్యాను పక్క స్టాండుకి కట్టిన గాజు పలక మా ఇద్దరి కోసం ఎదురుచూస్తోంది, అది మనిషి నిలువుకన్నా ఎత్తు, ఒక్కడివల్ల కదిలేది కాదు.

మాకు పని నేర్పిన పెద్దాయన పెట్టిన రూలు ఇది. గాజు ఎత్తే ముందు ఇద్దరిలో ఎవడు గాలి ఉందన్నా రెండోవాడు నోరెత్తకూడదు, ఎక్కడుందిరా అని అడక్కూడదు, ఆకాశంకేసి చూసి పెదవి విరవకూడదు. ఎందుకంటే గాజు పలక తెరచాపలాంటిది, సందు మలుపులో నిలబడ్డవాణ్ణి కొట్టే గాలి గోడ చాటున ఉన్న రెండోవాడికి తెలియదు, వాడి చివర ఏముందో వాడికే తెలుస్తుంది. మంచి రూలే. ఈ రూలు లేకపోతే మాలో ఒకడు ఎప్పుడో పోయేవాడు. కానీ పెద్దాయన ఇలాంటి రోజు వస్తుందనుకుని ఉండడు. పోయిన నెల ఆస్పత్రిలో రెండు గదుల మధ్య పెట్టే అద్దానికి కూడా గాలి ఉందన్నాడు వీడు. లోపలి గది! ఆ గదికి కిటికీ లేదు. నేను నోరెత్తలేదు, ఫ్యానుంది కాబోలు అనుకుని పైకి చూశాను, ఫ్యాను కూడా లేదు. ఆ గాజు మర్నాడు వేరే జంట వచ్చి పెట్టింది, మేమిద్దరం తుడిచే గుడ్డలు మడతపెట్టుకుని వెనక్కొచ్చాం, దారంతా నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఎండ మండుతున్న రోజు గాలి ఉంది, చెట్టు కింద గాలి ఉంది, గోదాములో గాలి ఉంది. చిన్న చిన్న కిటికీ ముక్కలు ఎవరికి వాళ్ళం పెడుతున్నాం, ఇద్దరం కలిసి ఎత్తాల్సింది వస్తే మాత్రం గాలి వచ్చేస్తుంది.

పొద్దున షెడ్డులో ఓనరు నన్ను పక్కకి పిలిచాడు. ఇవాళ పూల దుకాణం గాజు నిలబడకపోతే సోమవారం నుంచి నీకు వేరేవాణ్ణి జత చేస్తాను, నిచ్చెనని గాజు కోత బల్ల దగ్గర కూర్చోబెడతాను అన్నాడు. అంటున్నంతసేపూ నా మొహంకేసి చూడలేదు, నేలమీది గాజు పెంకుల్ని కాలితో నెడుతున్నాడు. నిచ్చెన అంటే వీడే, నన్ను స్టూలు అంటారు. ఎవడు పెట్టాడో గానీ సరిగ్గా పెట్టాడు, వీడి మోచెయ్యి నా భుజానికి వస్తుంది, మేమిద్దరం గాజు పట్టుకుని రోడ్డు దాటుతుంటే పలక ఒకవైపు వాలి ఎవరో ఎత్తిన కనుబొమలా ఉంటుందని జనం నవ్వుతారు. మెట్లెక్కేటప్పుడు మాత్రం మమ్మల్ని మించిన జంట లేదు, పొడుగువాడు కింద, పొట్టివాడు పైన, గాజు పై అంచు మీద నీళ్ళు పోసినా ఒలకనంత సమంగా వెళుతుంది. కోత బల్ల దగ్గరికి వెళ్ళినవాడు మళ్ళీ బయటి పనికి రాడు, అది మా షెడ్డులో అందరికీ తెలిసిన సంగతే, అక్కడ కూర్చున్నవాళ్ళు కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని రోజంతా గీతలు గీస్తూ ఉంటారు, మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఎవరు పిలిచారా అన్నట్టు చూస్తారు. వీడిప్పటికే అలా చూస్తున్నాడు, ఇంక ఆ బల్ల కూడా ఎక్కితే వీణ్ణి ఎక్కడ వెతకను. ఆ మాట వీడికి చెప్పాలా వద్దా అని పొద్దుట్నుంచి నాలిక చివర పెట్టుకుని కూర్చున్నాను. చెబితే బెదిరించినట్టుంటుంది, చెప్పకపోతే మోసం చేసినట్టుంటుంది, తల ప్రాణం తోకకొస్తోంది.

వీడికేమైందంటే అందరూ ఆ ముక్కు సంగతే అంటారు. క్లినిక్కు తలుపులో గాజు కూర్చోబెట్టి, మెరిసేదాకా తుడిచి, జనం గుద్దుకోకుండా దానిమీద అడ్డంగా అంటించే టేపు కోసం వ్యాను దగ్గరికి వెళ్ళి, టేపు తీసుకుని తిన్నగా నడిచొచ్చి తను పెట్టిన గాజుకి తనే గుద్దుకున్నాడు. ముక్కు పగిలింది. మా పనిలో ఇంతకన్నా పెద్ద పొగడ్త ఉండదు, అంత బాగా తుడిచాడన్నమాట, నేను నేలమీద కూర్చుని మరీ నవ్వాను, ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. నర్సు నవ్వింది, వీడూ నెత్తురు కారుతూనే నవ్వాడు. కానీ షెడ్డులో అప్పట్నుంచి వీడికి భయం పట్టిందని తేల్చేశారు, ముక్కు పగిలాక గాజంటే వణుకట. నాకు నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్ళలో చేతులు కోసుకున్నాం, కాళ్ళు కోసుకున్నాం, వీడి గడ్డం కింద ఐదు కుట్లున్నాయి, ముక్కుకి భయపడే మొహమేనా ఇది. భయపడ్డవాడు ముందు బూతులు తిడతాడు, తరవాత గొప్పలు చెబుతాడు, వీడు రెండూ చెయ్యడు, ఊరికే ఉంటాడు. ఆ ఊరికే ఉండటమే నన్ను చంపుతోంది. పక్కన కూర్చుని జోకు వేస్తే ఊఁ అంటాడు. వాడి జోకే వాడికి చెప్పి చూశాను, దానికీ ఊఁ అన్నాడు.

డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, అంతా బాగానే ఉంది, ఈ వయసులో మామూలే అన్నాడు. మామూలేనట. ఆ మామూలేదో వచ్చి మా వ్యానులో కూర్చుంటే తెలుస్తుంది ఆయనకి. వీడి భార్య వారానికి రెండుసార్లు నాకు ఫోను చేస్తుంది. అన్నయ్యా, మీతో అయినా మాట్లాడుతున్నారా అంటుంది. ఇంట్లో మాట్లాడటం లేదు కాబట్టి నాతో మాట్లాడుతున్నాడని ఆవిడ ఆశ, నాతో మాట్లాడటం లేదు కాబట్టి ఇంట్లో మాట్లాడుతున్నాడని నా ఆశ, ఇద్దరం ఒకళ్ళ ఆశ ఒకళ్ళం కూల్చుకోలేక ఫోను పట్టుకుని నిలబడతాం. ఆఁ, మాట్లాడుతున్నాడమ్మా అని ఒకసారి అనేశాను. ఏమన్నారు అని గబుక్కున అడిగింది. ఏమన్నాడు? ఏమీ అనలేదు. అమ్మాయి చదువు గురించి అన్నాడని కల్పించాను, ఆవిడ ఎంత సంతోషపడిందంటే ఫోను పెట్టాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మాత్రం ఉన్న మాట అంటుంది. నాన్న ఇంట్లో ఉంటే ఫ్రిజ్ ఉన్నట్టుంటుంది మామయ్యా, అప్పుడప్పుడూ శబ్దం వస్తుంది అంది. నవ్వాను.

ఇక మా ఇంటావిడ. ఫోనులో ఏదో చదివింది, ఇలాంటప్పుడు స్నేహితులు సలహాలు చెప్పకూడదట, వినాలట. విను, నువ్వు వినవు, నీకు వినడం రాదు అంటుంది. ఏం వినను? వాడు మాట్లాడితేగా. మాట్లాడనివాణ్ణి వినడం ఎలాగో ఆ ఫోనులో రాసుంటే చెప్పమన్నాను, చూసి చెబుతానంది, ఇంకా చూస్తోంది. నేను చేతనైనవన్నీ చేశాను. పొద్దున్నే నడకకి లాక్కెళ్ళాను, పక్కన నడిచాడు, ఆగితే ఆగాడు, నేను ఇంటికి తిరిగితే తిరిగాడు, కుక్కని తీసుకెళ్ళినా కనీసం ఏ స్తంభం దగ్గరో ఆగేది. సినిమాకి తీసుకెళ్ళాను, విశ్రాంతి వేళ సినిమా అయిపోయిందనుకుని లేచి ఇంటికి బయల్దేరాడు. మంగలి దగ్గర కూర్చోబెట్టి జుట్టుకి రంగు వేయించాను, అద్దంలో చూసుకుంటే హుషారొస్తుందని, మర్నాడు ఎండలో పని చేస్తుంటే చెమటకి రంగు కారి, గాజుకి నుదురు ఆన్చినప్పుడు నల్లటి చార పడింది, ఇది డిజైనా అని ఆ ఇంటాయన అడిగాడు. నేను పడీ పడీ నవ్వాను. వీడు జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు, గాజుని ముందు, నుదుటిని తరవాత. కోపం రాదా మనిషికి? అదే నా బాధ. వీడు నన్ను ఒక్కసారి తిట్టినా నేను వెళ్ళి మిఠాయిలు పంచుతాను.

పూలావిడ మళ్ళీ బయటికొచ్చింది. పొద్దుట్నుంచి బక్కెట్లలో పూలు పెట్టుకుని కూర్చుంది పాపం, రేపు దుకాణం తెరవాలి, ముందు భాగమంతా ఖాళీ, దుమ్ము వచ్చి పూలమీద పడుతోంది. వ్యాను కిటికీ దగ్గరికి వచ్చి, బాబూ ఎంతసేపు అంది, మర్యాదగానే అంది కానీ చేతిలో పూలు కత్తిరించే కత్తెర అలాగే ఉంది. గాలి ఉందమ్మా అన్నాను. ఆవిడ ప్లాస్టిక్ పట్టాకేసి చూసింది. ఎదురు మేడ మీది చొక్కాకేసి చూసింది. నాకేసి చూసింది. నేను పిల్లికేసి చూశాను. లోపలికెళ్ళిపోయింది, తిట్టినా బాగుండేది. ఇదిగో, వీడివల్ల ముక్కూమొహం తెలియని మనుషుల ముందు కూడా అబద్ధాలకోరునైపోయాను, ఇంక చాలు, చెప్పేస్తాను, సోమవారం సంగతి చెప్పేస్తాను, ఏడిస్తే ఏడుస్తాడు, ఏడ్చినా ఒక పని చేసినట్టే అనుకుని వీడివైపు తిరిగాను. నేను నోరు తెరిచేలోపు వీడే తెరిచాడు, గోడకేసే చూస్తూ.

"సోమవారం నుంచి నీకు వేరేవాణ్ణి ఇస్తానన్నాడా ఓనరు?"

"నీకెవరు చెప్పారు?"

"నేనే అడిగాను."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఇంకా అర్థం కాలేదు. ఓనరు పొద్దున పెంకుల్ని కాలితో ఎందుకు నెట్టాడో తెలిసింది. నన్ను వదిలించుకోవాలనుకున్నాడు వీడు. ఇన్నేళ్ళు ఎదురెదురుగా గాజుకి అటు వాడు, ఇటు నేను, నా పెళ్ళాం మొహం కన్నా వీడి మొహం ఎక్కువ చూశాను, ఆ మొహం మీద ఏ ముడత ఎప్పుడు పడిందో చెప్పగలను, వీడు నాకు ఒక్కమాటైనా చెప్పకుండా ఓనరు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తీసి దిగిపోదామనుకున్నాను, చెయ్యి తలుపు మీదకి వెళ్ళింది కూడా. అప్పుడు చెప్పాడు. ఇన్ని నెలల్లో ఇంతసేపు మాట్లాడటం అదే, మెల్లగా, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. మూడో అంతస్తులోంచి పాత అద్దం దించిన రోజు, ఆ ఇరుకు మెట్ల మలుపులో మేం చోట్లు మార్చుకోవాల్సి వచ్చింది, వీడు పైన, నేను కింద. నాకు గుర్తుంది. ఆ మలుపులో గాజు ఒక్కసారి నా వైపు జరిగింది, మెల్లగా రారా అన్నాను, అంతే, నాకు అంతకుమించి గుర్తులేదు. జరగలేదట, జారిందట. వీడి చేతుల్లో పట్టు పోయింది, దాని మూల నా మెడకి అరచెయ్యి దూరంలో ఆగింది, ఎలా ఆగిందో వీడికే తెలియదు. క్లినిక్కు ముక్కు సంగతి ఆ తరవాత వారంలోదే.

"చెయ్యి నొప్పా?" అన్నాను.

"నొప్పి లేదు. ఏమీ లేదు. నేను అక్కడ లేనురా. చేతిలో గాజుందని గానీ, కింద నువ్వున్నావని గానీ... ఏదీ లేదు. ఇంట్లోనూ అంతే. ఇంట్లో అయితే పర్వాలేదు, ఎవరి మీదా ఏదీ పడదు."

ఏడవలేదు. ఏడుపు నాకొచ్చింది, కోపంతో వచ్చింది. అంటే ఎండలో గాలి, చెట్టు కింద గాలి, గోదాములో గాలి, కిటికీ లేని గదిలో గాలి, అన్నీ నా మెడ కోసమన్నమాట. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్న రోజులన్నీ వీడు పక్కన కూర్చుని నా మెడ చూసుకుంటూ ఉన్నాడన్నమాట. చాలా సంతోషం. ఎవడడిగాడు వీణ్ణి? నా మెడ గురించి వీడొక్కడూ తీర్మానం చేసేస్తాడా, ఓనరుతో పంచాయితీ పెడతాడా, నాకు మాత్రం ఊఁ అంటాడా. ఒకరేమో వినమంటారు, ఒకరేమో మామూలే అంటారు, వీడేమో నన్ను నాకే తెలియకుండా కాపాడతాడు, మధ్యలో నేనెవణ్ణి, స్టూలునా? పీక పిసకాలనిపించింది. దగ్గరికి లాక్కోవాలనీ అనిపించింది, కానీ మధ్యలో గేరు రాడ్డుంది, వాడి పొడుగుకి నేను లాక్కుంటే ఇద్దరికీ నడుం పట్టేస్తుంది. ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు వెతికాను, ధైర్యంగా ఉండు, నేనున్నాను, అన్నీ సర్దుకుంటాయి, ఒక్కటీ నోటికి రాలేదు, వచ్చినవన్నీ బూతులే. అవే అన్నాను. అన్నీ అన్నాను. వాడు మొదటిసారి గోడమీంచి చూపు తిప్పి నాకేసి చూశాడు. దిగు అని నేను దిగాను.

స్టాండు పట్టీలు విప్పాను. వాడు దిగుతాడో లేదో చూడలేదు, చూస్తే నా మొహం వాడికి కనబడుతుంది. రెండో పట్టీ విప్పేసరికి అటువైపు వాడి చేతులు వచ్చాయి, అలవాటు కొద్దీ వచ్చి ఉంటాయి, గాజుకి అతుక్కునే రబ్బరు కప్పులు బిగించుకున్నాం, దుకాణం ముందరి మెట్ల దాకా తీసుకొచ్చి చెక్క దిమ్మల మీద దించాం. నేల మీద నడిచినంతసేపూ బాగానే ఉన్నాడు. మెట్ల దగ్గర నేను కింది చివరకి వెళ్ళి నిలబడ్డాను.

"అటెందుకు పోతున్నావు? కింద ఉండేది నేను."

"ఇవాళ నువ్వు పైన."

"పిచ్చెక్కిందా? జారితే నీ మీదే పడుతుంది."

"తెలుసు. గాలి ఉంటే చెప్పు. నోరెత్తను."

చెబుతాడనే అనుకున్నాను. చెబితే దించేసి, పూలావిడకి నేనే సమాధానం చెప్పుకుని, సోమవారం నుంచి ఎవడో కొత్తవాడి మొహం చూద్దామనుకున్నాను. చెప్పకపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు. వాడు పట్టాకేసి చూశాడు, గాజుకేసి చూశాడు, గాజులోంచి నన్ను చూశాడు, నా మెడని చూశాడు. పూలావిడ కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వాడి దవడ కదిలింది, ఏదో తిట్టాడు నన్ను, గాజు అడ్డం కాబట్టి సరిగ్గా వినబడలేదు, తిట్టేనని మాత్రం తెలిసింది. తరవాత వాడు వంగి కప్పులు పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను. ఎత్తాం. బరువంతా ఒక్కసారి నా వైపు వచ్చింది, పొట్టివాడు కింద ఉండి మెట్లెక్కితే ఎలా ఉంటుందో నాకిప్పుడే తెలిసింది, గాజు పైమూల ఎక్కడో ఆకాశంలో ఉంది, దాని అంచు నా కళ్ళకి అడ్డం, నాకు మెట్టు కనబడటం లేదు, కాలు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు, మెట్ల మీద పైనున్నవాడే అడుగు చెప్పాలి, ఇన్నేళ్ళూ చెప్పింది నేనే, ఆ ఒక్క మలుపులో తప్ప వాడికి ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. వాడు చెప్పడం లేదు. చేతులు లాగేస్తున్నాయి. చెప్పరా అందామనుకున్నాను, ఊపిరి దానికి చాలదు. అప్పుడు గాజులోంచి వణుకు వచ్చింది, సన్నగా, పై చివర నుంచి దిగి నా వేళ్ళదాకా వచ్చింది. వణుకుతున్నాడు. ఒళ్ళంతా వణుకుతున్నాడు, గాజులోంచి చూస్తే పెదవులు కూడా వణుకుతున్నాయి, కళ్ళు మాత్రం నా మెడ మీదే ఉన్నాయి, రెప్ప వెయ్యడం లేదు. పిక్కలు పట్టేస్తున్నా, నెలల తరవాత నాకు హాయిగా అనిపించింది. అక్కడ ఎవడూ లేకపోతే ఎవడు వణుకుతాడు?

"ఎడమ" అన్నాడు.

ఎడమ కాలు వేశాను.